ఇంటర్నెట్ నడుస్తున్నంతసేపూ

ఇప్పుడు ఇబ్రహీంపట్నంలో మేకలు కాసేవాడి జేబులో కూడా ఇంటర్నెట్ ఉంది. అది టెలిఫోను తీగలోంచి కీచుమంటూ వచ్చిన రోజుల గురించి చెబితే మా వాడకట్టు పిల్లలు నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

హైదరాబాద్ అద్దాల బిల్డింగులతో లేస్తున్న కాలమది. నెలకో కంపెనీ పుట్టి, గంటల లెక్కన ఇంటర్నెట్‌ను అట్టపెట్టెలో పెట్టి అమ్మేది. అందులో ఒక సీడీ, గీకితే పాస్‌వర్డ్ కనిపించే కార్డు ఉండేవి. ఆ కంపెనీలు ఎప్పుడు మూతబడ్డాయో ఎవరికీ గుర్తులేదు. మా వాడకట్టులో ఆ పెట్టె మొదట కొన్నది స్వరాజ్యమక్క. ఆమె బడిలో టీచర్. కూతురు వైశాలి నగరంలో కంప్యూటర్ కోర్సు చదివేది. గంటలు అయిపోయాక సీడీలను వైశాలి నాకిచ్చేది. దారం కట్టి జొన్నచేలో వేలాడదీస్తే, ఎండకు తళతళలాడి పిట్టలను వాలనిచ్చేవి కావు. కంప్యూటర్లతో నాకున్న సంబంధం అంతవరకే.

ఆ చేను బొంగులూరు దిక్కున ఉండేది. దున్నేది నేను, పట్టా మా అన్న భూపాల్ పేరు మీద. బాపు పోయాక భూమిని పెద్దకొడుకు పేరు మీదికి మార్చడం మా దగ్గర మామూలే. తమ్ముడి వాటా మాట మీద నడుస్తుంది. నేను ఏడో తరగతిలోనే బడి మానినవాణ్ణి. కాగితాల సంగతి అన్న చూసుకుంటాడులే అనుకున్నాను. ప్లాట్లు చేసేవాళ్ళు మా గట్ల మీద తిరగడం మొదలుపెట్టాక గానీ ఆ అనుకోవడంలో ఎంత తెలివితక్కువతనం ఉందో తెలియలేదు.

"దిల్‌సుఖ్‌నగర్ల వాళ్ల ఆఫీసుకు పోతున్న," అన్నాడు అన్న ఒకరోజు పొద్దున.

"నేను గూడ వస్త."

"నువ్వొస్తె లొల్లి పెడ్తవ్. ఇంటికాడ్నే ఉండు. బయానా పైసలు చేతుల పట్టేముందు స్వరాజ్యమక్కోళ్లింటికి ఫోన్ జేస్త. నువ్వు ఒద్దంటె లేసి వచ్చేస్త."

"ఒట్టేనా?"

"నీ అన్ననురా. నాకు ఒట్లు పెడ్తున్నవా?"

వాడకట్టు మొత్తానికీ స్వరాజ్యమక్క ఇంటి నంబరే. పెళ్లిపత్రికల మీద, దరఖాస్తుల మీద, పక్కన పీపీ అని రాసి ఆ నంబరే ఇచ్చేవాళ్ళం. ఫోనొస్తే ఆమె గోడమీంచి కేకేసేది.

నా భార్య నిర్మల అన్నం పెడుతూ మళ్ళీ మళ్ళీ చెప్పింది. "ఒద్దు అని ఒక్కటే మాట జెప్పు. ఆయన రెండో మాట ఆడిస్తడు, నువ్వు ఆడకు. చేను పోతే మనం ఏం జేసుకొని బతకాలె?"

తిని లేచి, పోయి ఫోను పక్కన కూర్చున్నాను. స్వరాజ్యమక్క ఇంకా బడి నుంచి రాలేదు. లోపలి గదిలో వైశాలి కంప్యూటర్ ముందు ఉంది.

"ఏం గావాలె కాకా?"

"ఏం లేదు బిడ్డా. మీ అమ్మతోని జర పనుంది. వచ్చేదాంక కూసుంట."

భూమి బేరం సంగతి పదిమందికి పొక్కకూడదు. పొక్కితే పక్క చేనువాడు ధర చెడగొడతాడనో, తలా ఒక సలహా చెబుతారనో, మా దగ్గర సొంత గోడకు కూడా చెప్పరు. నేనూ చెప్పలేదు.

మొదట్లో రిసీవర్ మీదే చెయ్యి పెట్టి కూర్చున్నాను. ఒద్దు, ఒద్దు అని లోపల్లోపల అనుకుంటూనే ఉన్నాను, ఆ మాట ఎక్కడ మరిచిపోతానో అన్నట్టు. ఎండ గడప దాటి పోయింది. ఫోను మోగలేదు. మోగకపోవడమే మంచిదేమో, బేరం చెడిందేమో అనిపించి కాస్త ఊపిరి ఆడింది. ఆ వెంటనే, మరి అన్న ఆ మాటైనా చెప్పాలి కదా అని మళ్ళీ రిసీవర్ మీద చెయ్యి వేశాను.

స్వరాజ్యమక్క చెప్పులు విడుస్తూనే నన్ను చూసి నవ్వింది. "ఏందయ్యా రమాకాంత్, సూది ఏయించుకునేటోని లెక్క బిగుసుకొని కూసున్నవ్?"

ఇక దాచలేకపోయాను. "అన్న ఫోన్ జేస్తనన్నడక్కా. పగటి సంది కూసున్న, మోగుతనే లేదు."

ఆమె లోపలి గది వైపు చూసింది. "ఎట్ల మోగుతది? పోరి ఇంటర్నెట్ పెట్టింది గద. అది నడిచినంతసేపు బయటోళ్లకు ఎంగేజే వస్తది. రెండిటికి ఒకటే తీగనాయె."

గదిలోకి ఉరికాను.

"ముందుగాల జెప్పొద్దా కాకా!" వైశాలి ముఖం చిన్నబోయింది. "నౌకరికి అప్లికేషన్ పంపుతున్న. ఆఖరి పేజీ. గీ గీత నిండితె అయిపాయె."

తెరమీద నీలం గీత సగంలో ఆగి ఉంది. ఇద్దరం దాన్నే చూశాం.

"నిండుతలేదు గద బిడ్డా."

"నిండుతది. జర ఆగు."

"నా భూమి అమ్ముడువోతున్నది."

వైశాలి నావైపు ఒక్కసారి చూసి, గోడలోని తీగ పీకేసింది.

నేను ఫోను దగ్గరికి వచ్చేసరికే అది మోగింది.

"యాడ సచ్చినవ్‌రా? పగటి సంది ఒకటే ఎంగేజ్!" అన్న గొంతు.

"బయానా పట్టినవా?"

"ఇంక లే. ముందల వెట్టుకొని కూసున్నరు. నీ మాటేందో అడగమంటున్నరు, రేపు లొల్లి గాకుండ. చెప్పు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఒద్దు. నేనియ్య. లేసి రా."

అవతల ఫ్యాను తిరుగుతున్నది వినిపించింది. ఎవరో చాయ్ గ్లాసు బల్లమీద పెట్టారు. అన్న నవ్వాడు.

"ఇగో సార్, మా తమ్ముడు సరే అంటున్నడు."

"అన్నా! ఒద్దన్న నేను!"

"అవ్ అవ్. సంబురమేరా. నిర్మలకు గూడ చెప్పు."

పెట్టేశాడు. తిరిగి చేద్దామంటే ఆ ఆఫీసు నంబరు నా దగ్గర లేదు.

పొద్దు గూకే వేళకు అన్న బస్సు దిగి వచ్చాడు. నేను వాడకట్టు మధ్యలోనే నిలదీశాను. ఆయన కోపానికి రాలేదు. గుమిగూడిన వాళ్లకు నెమ్మదిగా చెప్పాడు.

"అన్నడు, ఒద్దనే అన్నడు పాపం. కని ఫోన్ కలిసేసరికే బయానా చేతుల వడ్డది. ఇంటర్నెట్ పాడుగాను, పగటి సంది ఎంగేజాయె. నన్నేం జెయ్యమంటరు?"

"గా డబ్బ తెచ్చిననాడే అనుకున్న నేను," అన్నాడు గుంపులోంచి హన్మంత్ పటేల్. అందరూ స్వరాజ్యమక్క ఇంటి వైపు తిరిగారు. అబద్ధమని నేను అరుస్తూనే ఉన్నాను. అవతల ఏం జరిగిందో విన్నది నేనొక్కణ్ణే. నన్నెవడు నమ్ముతాడు? భూమి పోయి మతి తప్పిందన్నారు.

చీకటి పడ్డాక వైశాలి మా ఇంటికి వచ్చింది. గడప లోపలికి రాలేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"నా వల్లనే పోయింది కాకా. నేను జర ముందుగాల తీగ పీకి ఉంటే..."

వాడకట్టంతా అదే నమ్మింది. నేనూ ఔనంటే నాకూ కొంత నయమే. రోజూ ముఖం చూడాల్సిన అన్న మీద కాకుండా ఒక తీగ మీద కోపం పెట్టుకుని బతకొచ్చు. నిర్మల నావైపే చూస్తూ ఉంది.

"నీ వల్ల గాదు బిడ్డా," అన్నాను. "ఫోన్ టైముకే కలిసింది."