పద్నాలుగో కేక

సినిమా మొదలైన గంటా పన్నెండు నిమిషాలకు లాంచీ ఒక పక్కకు ఒరిగింది. తెర మీద ఆకుపచ్చ శాలువా కప్పుకున్న ఒకావిడ ఇనుప కడ్డీ పట్టుకుని నోరు తెరిచింది. వచ్చిన గొంతు నా భార్యది.

నేను లేచి నిలబడ్డాను. పక్కనున్న దర్జీ నా చెయ్యి లాగి, "మాస్టారూ, వెనకాల వాళ్లకి కనపడదు" అన్నాడు. నిజంగా మునిగిన ఆ లాంచీలోనే అతని తల్లి కూడా పోయింది. ఆ హాల్లో ఉన్న ముప్పై మందీ అలాంటివాళ్లమే. విడుదలకు ముందు కుటుంబానికి ఒకరిని పిలిచి సినిమా చూపించి, మాకు అభ్యంతరం లేదని కాగితం మీద సంతకం తీసుకుంటున్నారు. నేను దర్జీ మోకాళ్లను దాటుకుని బయటికి వచ్చేశాను. కాగితం పట్టుకుని నిలబడ్డ అమ్మాయి "అప్పుడే అయిపోయిందా సార్?" అంది. లేదన్నాను.

నా భార్య డబ్బింగ్ చెప్పేది. పెద్ద పేరేమీ లేదు. నర్సులకు, పొరుగింటావిడలకు, గుంపులో మాట్లాడే ఆడవాళ్లకు గొంతు ఇచ్చేది. కేకలు మాత్రం ఆమెవే. స్టూడియోలో అందరూ ఆమెను సైరన్ అని పిలిచేవారు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ మూడు దయ్యాల్ని చూశానండీ, ఒక పామునీ చూశాను. గొంతు బొంగురుపోయింది, కాసిని వేడినీళ్లు పెట్టండి" అనేది.

బాగా కుదిరిన కేకలను స్టూడియోవాళ్లు నంబర్లు వేసి దాచుకున్నారు. ఏ సినిమాలోనైనా ఆడమనిషి భయపడాల్సి వస్తే, కొత్తగా రికార్డు చేసే తీరిక లేనప్పుడు అందులోంచి ఒకటి తీసి అతికిస్తారు. పద్నాలుగో నంబరు అందరికీ ఇష్టం. టీవీలో అది వినపడగానే తల్లీ కూతుళ్లిద్దరూ ఒకేసారి "పద్నాలుగు!" అని అరిచేవాళ్లు. నేను పక్క గదిలో కాగితాలు దిద్దుకుంటూ మార్కులు తప్పు వేసేవాణ్ని.

రెండేళ్ల క్రితం లాంచీ మునిగినప్పుడు ఆమె స్టూడియోకి వెళుతోంది. కింది గదిలో ఉంది. ఆమె చివరి నిమిషాల గురించి నాకు తెలిసింది అంతే. బతికి బయటపడినవాళ్లు పదిహేడు మంది. వాళ్లలో ఒకాయనది మా వీధి చివర కిరాణా కొట్టు. ఆయన్ని నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడగకుండా ఉండటానికి నడుస్తూ ఉంటాను. పరీక్షల్లో పిల్లలు రాస్తుంటే వరసల మధ్య నడుస్తాను. "సార్, మీ చెప్పుల చప్పుడుకి లెక్క తప్పుతోంది" అని ఒక పిల్ల అననే అంది. ఇంట్లో టీవీ పెడితే వరండాలో నడుస్తాను.

నేను ఎవరినీ అడగని ప్రశ్నకు సినిమా జవాబు చెప్పేసింది. అదీ ఆమె గొంతుతోనే.

అది మంగళవారం. విడుదల శుక్రవారం. మా మరదలు అప్పటికే ఉదయం ఆటకు తనకూ మా అమ్మాయికీ టికెట్లు తీసింది. అమ్మాయికి పదకొండేళ్లు. చీకటి హాల్లో అది తల్లి కేక వినడం, పక్కన నేను లేకపోవడం నా కళ్ల ముందు ఆడుతూనే ఉంది. శుక్రవారంలోగా ఆ కేకను తీయించాలి. ఆ రాత్రి నాకు తోచింది అదొక్కటే.

బుధవారం బడికి సెలవు పెట్టాను. లాంచీలో అయితే స్టూడియోకి పన్నెండు నిమిషాలు. వంతెన మీదుగా తిరిగి వెళ్లే బస్సులో యాభై నిమిషాలు. సగం దూరం నిలబడే ఉన్నాను, సీట్లు ఖాళీగా ఉన్నా.

సౌండ్ ఇంజనీరును నా భార్య అన్నయ్య అని పిలిచేది. ఆ వరసన నాకు బావ. లాంచీ మునిగిన రోజంతా ఆసుపత్రి వరండాలో నా పక్కన నిలబడ్డ మనిషి.

"ఏం బావా, బడి ఎగ్గొట్టావా? పిల్లలు పండగ చేసుకుంటున్నారా?" అన్నాడు నన్ను చూసి.

"పద్నాలుగు ఎందుకు పెట్టావు?" అన్నాను.

"ఎక్కడ?"

"లాంచీలో."

అతని నవ్వు ఆగింది. ఆ ఘట్టం తెరిచి విన్నాడు. మళ్లీ విన్నాడు. మూడోసారి విని చెవులకు పెట్టుకున్నవి తీసి బల్ల మీద పెట్టాడు.

"నేనే పెట్టాను బావా" అన్నాడు. "ఆరు నెలల కిందట, బొమ్మ ఇంకా ముక్కలుగా ఉన్నప్పుడు గుర్తు కోసం పెట్టాను. తర్వాత తీసేసి కొత్తది వేద్దామనే. మేం ఎప్పుడూ అంతే చేస్తాం. ఆడమనిషి భయపడిందంటే నా చెయ్యి దానంతట అదే పద్నాలుగు మీదికి పోతుంది. పన్నెండేళ్ల అలవాటు."

"తర్వాత వినలేదా?"

"రోజుకి ఇరవైసార్లు విన్నాను. అదే నా కర్మ. వినీ వినీ చెవికి పట్టేసింది. అది చెల్లాయి గొంతన్న ఆలోచనే రాలేదు. పద్నాలుగు అనే విన్నాను."

అతన్ని ఏమైనా అనాలని వచ్చాను. దర్శకుడితో మాట్లాడాలి అన్నాను.

దర్శకుణ్ని పిలిపించాడు. ముప్పై ఏళ్లు కూడా లేని కుర్రవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. విషయం విని తల దించుకున్నాడు.

"నాకు తెలియదు మాస్టారూ. నిజంగా తెలియదు" అన్నాడు. "కానీ ఒక రకంగా ఆవిడే వచ్చి చెప్పినట్టుంది కదండీ. టైటిల్స్‌లో ఆవిడ పేరు వేద్దాం. మొట్టమొదట, ఆ ఒక్క పేరే. చూసినవాళ్లంతా అక్కడే ఏడ్చారండీ. ఈ మొత్తం సినిమాలో నిజమంటూ ఉన్నది అదొక్కటే."

"అది బల్లిని చూసి వేసిన కేక" అన్నాను.

"ఏంటండీ?"

"బల్లేనండీ" అన్నాడు బావ నేల వైపు చూస్తూ. "హాస్య సినిమా. వంటింట్లో బల్లి మీద పడితే హీరోయిన్ గరిటె విసిరేసి పారిపోతుంది. నేనే రికార్డు చేశాను. కేక అయిపోగానే తనే పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు కత్తిరించేసి దాచాం."

దర్శకుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నిజంగా భయపడితే ఆమె అరవదు" అన్నాను. "మా అమ్మాయి మూడేళ్లప్పుడు మేడమెట్ల మీంచి దొర్లిపోయింది. మేమిద్దరం పైన ఉన్నాం. అరిచింది నేను. ఆమె నోరు పెగల్లేదు. నా భుజం పట్టుకుంది. ఆ గోళ్ల గుర్తులు వారం దాకా పోలేదు. కాబట్టి మీ సినిమాలో ఉన్నది నిజం కాదు."

తప్పు లెక్కను బోర్డు మీద సరిచేసేటప్పటి గొంతుతో చెప్పాను.

"అయితే అక్కడ ఏ చప్పుడూ లేకుండా వదిలేయమంటారా?" అన్నాడు దర్శకుడు. అడిగిన తీరులో వేళాకోళం లేదు.

అవుననబోయాను. నోట్లోనే ఆగిపోయింది. మెట్ల మీద ఎలా ఉందో నాకు తెలుసు. లాంచీలో ఎలా ఉందో తెలియదు.

"అక్కడ ఏం జరిగిందో మీకు తెలియదు, నాకూ తెలియదు. మీ సినిమా, మీ ఇష్టం. ఆమె గొంతు మాత్రం వద్దు."

దర్శకుడు సరేనన్నాడు, కొత్త కేక వేద్దామన్నాడు. సాయంత్రంలోగా సినిమాను థియేటర్లకు పంపేయాలి. బావ ఎవరికో ఫోన్ చేశాడు. మధ్యాహ్నం కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఒక అమ్మాయి ఆయాసపడుతూ వచ్చింది. నన్ను వెళ్లిపొమ్మని బావ అన్నాడు. వెళ్లలేదు. రికార్డింగ్ గది అద్దానికి ఇవతల అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను.

ఆ అమ్మాయి మైకు ముందు నిలబడి జుట్టు వెనక్కి కట్టుకుంది. బొమ్మ ఒకసారి చూసి, "ఎలాంటి భయమండీ?" అని అడిగింది.

దర్శకుడు బావ వైపు చూశాడు. బావ నా వైపు చూశాడు. పిల్లలు ఏది అడిగినా మూడు రకాలుగా చెప్పడం నా ఉద్యోగం.

"నీకు ఎలా వస్తే అలా అమ్మా" అన్నాను.

నాలుగుసార్లు అరిచింది. మూడోది తీసుకున్నారు. మంచినీళ్లు తాగి, "బాగా వచ్చిందా అండీ?" అంది. బాగా వచ్చిందన్నాను. అభ్యంతరం లేదన్న కాగితం దర్శకుడు బల్ల మీద పెడితే సంతకం పెట్టాను.

ఇంటికొచ్చేసరికి ఆరయింది. మా అమ్మాయి హాల్లో నేల మీద కూర్చుని పుస్తకాలకు అట్టలు వేస్తోంది. చుట్టూ కాగితం ముక్కలు. చెప్పకుండా ఉంటే శుక్రవారం గడిచిపోతుంది. అయినా చెప్పాలనిపించింది.

"ఆ సినిమాలో పద్నాలుగు ఉంది. ఇవాళ వెళ్లి తీయించాను."

కత్తెర ఆగింది. "తీసేశావా?"

"ఉందని నీకు తెలుసా?"

"ట్రైలర్‌లో వచ్చిందిగా. సగమే వచ్చింది, చివర్లో. మూడు వారాలైంది. పిన్నికి కూడా వినిపించాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే తీయించేస్తావని."

నేను వరండా వైపు నడిచి మళ్లీ వెనక్కి వచ్చాను. "నీకోసమే" అన్నాను.

"నాకోసం అనకు నాన్నా. నాకేం భయం? అది బల్లి కేక. అప్పుడు నేను కడుపులో ఉన్నాను, అమ్మ చెప్పింది. అంటే అందులో నేనూ ఉన్నట్టే. నేనూ పిన్నీ వెళ్తోంది దానికోసమే. లేకపోతే ఆ లాంచీ చూడ్డానికి ఎవరు వెళ్తారు?" కత్తెర పక్కన పడేసింది. "నన్నొక్క మాట అడగొచ్చుగా!"

కడుపులో ఉన్న సంగతి నాకూ తెలుసు. బస్సులో వెళ్లిన యాభై నిమిషాల్లో, అద్దం ముందు తిరిగిన రెండు గంటల్లో అది ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

"అడగాల్సింది" అన్నాను. "తప్పు నాదే."

అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అట్ట మడతను గోటితో గీసింది.

"నిజంగా అరిచిందా అమ్మ?"

రెండేళ్లుగా నేను కాళ్లతో తొక్కిపెట్టిన మాటను అది తల ఎత్తకుండా అడిగేసింది.

"నాకు తెలియదమ్మా."

"ఎవర్నైనా అడిగావా?"

"లేదు."

"కొట్టు మామయ్య ఉన్నాడుగా లాంచీలో. నేను అడుగుదామని రెండుసార్లు వెళ్లాను. నన్ను చూడగానే చాక్లెట్ ఇచ్చి పంపించేస్తున్నాడు. నువ్వడిగితే చెప్తాడు." గోడ గడియారం వైపు చూసింది. "ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుంది."

నువ్వు ఇంట్లో ఉండు అనబోయాను. అది అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.

కొట్లో ఆయన ఎవరికో పప్పు తూస్తున్నాడు. మా ఇద్దరినీ కలిపి చూసి తక్కెడ కిందపెట్టాడు. ఆ మనిషి వెళ్లేదాకా ఆగి నేను అడిగాను. బడిలో పిల్లలకు చెప్పినట్టు కాదు, తడబడుతూ, సగం మాటలు మింగుతూ అడిగాను.

"రెండేళ్ల నుంచి మీరు ఇటొస్తుంటే నేను లోపలికి పోతున్నాను మాస్టారూ" అన్నాడాయన. "ఎప్పుడు అడుగుతారా అని. నేను పైన ఉన్నాను. కింద అరిచారో లేదో నాకు తెలియదు. ఇంజను మోతలో ఏదీ వినపడలేదు. చెప్తే మీకు కోపం వస్తుందేమో, కింద సంగతి ఇంతకంటే తెలియదు నాకు."

"తెలిసిందే చెప్పండి" అంది మా అమ్మాయి.

ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. లోపలున్న భార్యను కాసేపు కొట్టు చూడమని పిలిచి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని మా దగ్గరికి వచ్చాడు.

"ఆ రోజు లాంచీ పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది" అని మొదలుపెట్టాడు.