నీళ్లు ముట్టలేదు

"కడిగినవా?"

పొద్దున్నే నా మొగుడు నౌమాన్ నాతో మాట్లాడే మొదటి మాట ఇది. టీ గ్లాసు చాపితే, అందుకోకముందు అడుగుతాడు. కడిగినాను అంటాను. ఏడుసార్లా అంటాడు. ఏడుసార్లే అంటాను. అప్పుడు తీసుకుంటాడు. పెరట్లో కుళాయి పక్కన ఒక డబ్బాలో మట్టి పెట్టుకున్నాను. మొదట మట్టితో రుద్దుకుని, తర్వాత ఆరుసార్లు నీళ్లతో. ఖమీస్ ముషైత్ కొండల మీది ఊరు. సౌదీ అంటే ఎండే అనుకునే మా అమ్మ చెప్పినా నమ్మదు గానీ, జనవరి పొద్దుల్లో ఇక్కడ కుళాయి నీళ్లు తగిలితే వేళ్లు కొంకర్లు పోతాయి. రోజుకు నాలుగైదు విడతలు అట్లా కడిగితే చలికాలం సగానికి వచ్చేసరికి చేతులు పగిలి, వేళ్ల మడతల్లో నెత్తురు కనిపిస్తుంది. కుక్కల పాదాలకు పూసే మైనం లాంటి మందు ఒకటి డబ్బాలో వస్తుంది. ఒకసారి అది నా వేళ్లకు రాసుకుంటుంటే నౌమాన్ చూసి, "అది కుక్కలది," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. చెప్పులు అక్కడ కాదు, ఇక్కడ విడువు అన్నట్టు అన్నాడు.

కుక్క ఎంగిలి అంటితే నమాజుకు ముందు కడుక్కోవాలని నాకూ తెలుసు. కుక్కల నోళ్లు, పాదాలు చూసే పని మీరెందుకు చేయరని మొదట్లో ఒకసారి అడిగాను. తనకు ఐదు పూటల నమాజు ఉందన్నాడు. నాకు లేదా అని అడగలేదు. అప్పుడు అడిగి ఉండాల్సింది. కొన్ని ప్రశ్నలు సమయానికి అడగకపోతే అవి తర్వాత మన పనులైపోతాయి.

ఇద్దరం ఒకే ఇంటికి పనికి వచ్చినవాళ్లం. ఆయన ఇకామాలో, అంటే ఈ దేశంలో ఉండటానికిచ్చే కార్డులో, డ్రైవర్ అని, నా దాంట్లో ఇంటి పనిమనిషి అని ఉంటుంది. కుక్కల మాట ఎవరి కార్డులోనూ లేదు. మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి పిలిపించుకున్న యజమాని, మాజిద్ ఏదో చలిదేశంలో చదువుకునే రోజుల్లో మంచు మీద బండిని లాగే కుక్కలను చూసి మనసు పడ్డాడట. అట్లాంటివే ఆరింటిని తెప్పించుకున్నాడు. నీలి కళ్లు, దుప్పటి కప్పుకున్నంత బొచ్చు. ఇక్కడ మంచు ఎక్కడిది, అందుకని మూడు చక్రాల బండి చేయించాడు. ఊరి బయట గులకరాళ్ల బాట మీద, ఎండ ఎక్కకముందు, కుక్కలు లాగుతుంటే వెనక నిలబడి తోలుతాడు. అబహా నుంచి, ఇటు చుట్టుపక్కల నుంచి ఇట్లాంటి సరదా ఉన్నవాళ్లు కొందరు కలిసి ఏటా జనవరిలో పందెం పెట్టుకుంటారు. మా ఆయనను వాళ్లంతా ముదర్రిబ్ అంటారు, అంటే శిక్షణ ఇచ్చే మనిషి. నన్ను పిలవాల్సిన అవసరం వాళ్లకు రాలేదు.

శిక్షణ అంటే ఏమిటో నేను చెప్తాను. తెల్లవారకముందే లేచి కోడి ఎముకల పులుసు గోరువెచ్చగా చేసి నీళ్లలో కలపాలి, ఉత్త నీళ్లయితే చలికి అవి తాగవు. పరుగుకు రెండు గంటల ముందు తాగించి ఆపేయాలి. తిండి మాత్రం పరుగయ్యాక, ఒగర్పు తగ్గాక. పక్కటెముకల మీద చేయి వేసి చూడాలి, ఎముక తగలాలి గానీ కనపడకూడదు. పై పెదవి ఎత్తి పంటి చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటు వెంటనే ఎర్రబడాలి. మెడ మీద తోలు పట్టి వదిలితే చప్పున కిందికి దిగాలి. ఆలస్యమైతే ఒంట్లో నీళ్లు తగ్గినట్టు. ఇరవై నాలుగు పాదాలు, ఒక్కో వేలి సందూ విడదీసి చూడాలి. ఈ కొండల్లో మా రాయచోటి వైపు ఉండే తుమ్మముళ్లలాంటివే ఉంటాయి, లోపల విరిగితే పైకి కనపడవు. గోళ్లు కత్తిరించాలి, పాదాలకు గుడ్డ తొడుగులు కుట్టాలి, పట్టీలు ఒరుసుకున్నచోట బొచ్చు రాలిందేమో చూడాలి. మలం చూడాలి, అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది అదే. ఇవన్నీ అయ్యాక నౌమాన్ వచ్చి వాటిని బండికి కడతాడు. ఇవన్నీ అయ్యాకే ఇంట్లో నా అసలు పని, అంటే జీతం ఉన్న పని, మొదలవుతుంది.

చూసినవన్నీ ఒక పెద్ద నోటుబుక్కులో రాస్తాను. ఆ అలవాటు ఏడో తరగతిలో కామేశ్వరి టీచర్ చేసింది. అలసందలు మొలకెత్తించి రోజూ ఏం చూశారో రాయమనేది. "చూసింది రాయండమ్మా, అనుకున్నది రాయొద్దు," అనేది. నాకు వచ్చింది తెలుగే, తెలుగులోనే రాస్తాను. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. పెళ్లయిన కొత్తలో మా అత్త రహమత్‌బీ నా ఉర్దూ విని, మీ ఇంట్లో దువా ప్రార్థన కూడా తెలుగులోనే చేస్తారా అని నలుగురిలో నవ్వించింది. ఆమె కొడుకు హైదరాబాదు పాతబస్తీలో ఉర్దూ బడిలో ఏడు దాకా చదివాడు. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం రాదు. అందుకని రోజూ టీ తాగుతూ, "ఏం రాసినవ్, చదువు," అంటాడు. చదువుతాను. అదంతా మాజిద్‌కు అరబ్బీలో తాను కనిపెట్టినట్టు చెప్తాడు. నేను వంటింటి కిటికీలోంచి వింటుంటాను. నా మాటలు ఆయన గొంతులో బలంగా వినిపిస్తాయి.

అన్నీ చెప్పడు. తనకు పనికొచ్చేవి చెప్తాడు. పోయినేడు లైస్ అని ఒక మగకుక్క ఉండేది, నల్లటిది, నా భుజం మీద తల ఆనించి నిద్రపోయేది. పందెం రోజు పొద్దున అది నీళ్లు ముట్టలేదు, తోలు పట్టి వదిలితే దిగడం లేదు. రాసినాను, చదివి వినిపించినాను. ఆయన సరే అని తలూపి, మాజిద్‌తో అంతా బాగుందన్నాడు. ఆ రోజు అతిథులు రావడం ఆలస్యమై పరుగు ఎండలో మొదలైంది. సగం బాటలో లైస్ కాళ్లు తడబడి పడిపోయింది, మళ్లీ లేవలేదు. ఎట్లా జరిగిందని మాజిద్ అడిగితే, నా భార్య నీళ్లు పెట్టడం మరిచిపోయిందని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను, చేతిలో నిండు బకెట్‌తో. తర్వాత గదికొచ్చి, నా పని పోతే నీ పనీ పోతుంది కదా, ఇద్దరికోసమే అన్నాను అని సర్దిచెప్పాడు. ఆ సంవత్సరమంతా ఆ ఇంట్లో పిల్లలు కూడా నన్ను చూసి, లైస్‌కు నీళ్లు ఇవ్వని ఆవిడ అనుకున్నారు. మాజిద్ తల్లి ఒక్కతే ఏమీ అనలేదు. ఆ ముసలమ్మ ఒకరోజు నా చేతులు పట్టుకుని చూసి, ప్రవక్త గిన్నె ఏడుసార్లు కడగమన్నారు బిడ్డా, తోలు ఊడేదాకా చేతులు కడగమనలేదు అని ఆలివ్ నూనె రాసింది.

లైస్ బదులు ఇంకొకదాన్ని తెప్పించారు, మళ్లీ ఆరయ్యాయి. ఈ ఏడు ముందు పరిగెత్తే కుక్క రీమ్. బూడిదరంగు ఆడకుక్క, మాట వినేది. మిగతా ఐదూ దాని వెనకే నడుస్తాయి. రీమ్ గెలిపిస్తే నౌమాన్ ఇకామాను శిక్షకుడిగా మార్పిస్తాననీ, ఆయన తల్లిని మక్కాకు, ఉమ్రా యాత్రకు పిలిపిస్తాననీ మాజిద్ మాటిచ్చాడు. అప్పట్నుంచి మా అత్త రోజూ ఫోను చేస్తుంది. కొడుకు ఎంత కష్టపడుతున్నాడో నాకు చెప్తుంది. వాడికి పాలు ఇస్తున్నావా, చలిలో తిరుగుతున్నాడు, ఛాతీకి నూనె రాయి అంటుంది. నేను ఊఁ అంటాను. ఊఁ అనడానికి పెద్ద ఓపిక అక్కర్లేదనుకునేదాన్ని. ఈమధ్య దానికీ కావలసి వస్తోంది.

పందేనికి రెండు రోజుల ముందు రీమ్ తిండి సగం వదిలేసింది. మలం నీళ్లగా ఉంది, నల్లటి చార ఉంది. కుడి ముంగాలు ఆనించేటప్పుడు అడుగు కురచగా వేస్తోంది, మణికట్టు దగ్గర వేడి. పులుసు కలిపినా మూతి ముంచి తీసేసింది. నేను చదువుతుంటే నౌమాన్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇది ఎవరికీ చెప్పకు," అన్నాడు.

"పరిగెత్తిస్తే పోతుంది."

"ఏం పోదు. నువ్వు పోయినేడు కూడా గిట్లనే అన్నవ్."

పోయినేడు పోయింది కదా అన్నాను. ఆయన నా వైపు చూశాడు. నేనన్నమాట కంటే నేను అనగలిగినందుకు ఆశ్చర్యపోయినట్టు ఉంది. తర్వాత మెత్తగా, అమ్మ కాబా చూడాలని ఎన్నేళ్లుగా అడుగుతోందో నీకు తెలుసు కదా మాబూ అన్నాడు. తెలుసు. ముసలావిడ ఆశ అబద్ధం కాదు. అదే నన్ను ఆ రెండు రోజులు నోరెత్తనివ్వలేదు. ఒక కుక్క వైపు మాట్లాడితే ఒక ముసలావిడ దైవయాత్రకు అడ్డం పడినదాన్నవుతాను. నా ముందు ఎప్పుడూ ఇట్లాంటి తక్కెడే పెడతారు. అందులో ఒకవైపు ఎవరిదో పెద్ద కోరిక ఉంటుంది, రెండోవైపు నేను చూసిన చిన్న నిజం ఉంటుంది.

పందెం రోజు నేనూ వెళ్లాను. పాదాలకు తొడుగులు తొడిగించుకోవడానికి ఆ కుక్కలు నన్ను తప్ప ఎవర్నీ రానివ్వవు. మేం వచ్చిన వ్యాన్ వెనక నీడలో కూర్చుని తొడుగుతున్నాను. ఆరున్నరకు అన్న పరుగు, అతిథుల కోసం ఆగి ఆగి తొమ్మిదయింది. గులకరాళ్లు వేడెక్కడం అరచేతికి తెలుస్తోంది. పోయినేడు లైస్ పోయినందువల్ల ఈసారి ఒక కొత్త నియమం పెట్టారు. బండికి కట్టకముందు ప్రతి కుక్కనూ పశువుల డాక్టర్ చూడాలి, రోజువారీ రాసిన పుస్తకమూ చూపించాలి. డాక్టర్ పేరు జైనాబ్, సూడాన్ ఆమె. పొడుగ్గా, తొందర లేకుండా ఉంది. రీమ్ దగ్గరికి వచ్చి, దాని పెదవి ఎత్తమని నౌమాన్‌తో చెప్పింది.

నౌమాన్ చేతులు జేబుల్లోంచి తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. నాలుగేళ్ల ముదర్రిబ్. రీమ్ వైపు వంగితే అది ఒక అడుగు వెనక్కి వేసి నా ఒళ్లోకి వచ్చింది. ఈ రోజు దానికి కొంచెం చిరాకు, జనాన్ని చూసి అని నవ్వాడు. మాజిద్ కూడా నవ్వాడు. డాక్టర్ నవ్వలేదు. సరే, ముందు పుస్తకం చూపించు అంది.

నా నోటుబుక్కు వ్యాన్ సీటు మీదినుంచి తెచ్చాడు. ఇదేం భాష అని డాక్టర్ అడిగితే మా భాష అన్నాడు. మధ్యలో తెరిచి వేలు పెట్టి, వరసలవెంట వేలు నడిపిస్తూ అరబ్బీలో చెప్పాడు: రీమ్, తిండి బాగుంది. నీళ్లు బాగున్నాయి. కాళ్లు బాగున్నాయి. ఆయన తెరిచిన పేజీ మూల పసుపు మరక ఉంది. అది నవంబరు నెల పేజీ, ఆ రోజు కూరలో పసుపు వేస్తూ వచ్చి రాసినాను. ఆయన వేలు ఉన్నది బర్క్ అనే మగకుక్క గోళ్లు కత్తిరించిన సంగతి మీద.

నా చేయి రీమ్ మెడ మీద ఉంది. తోలు పట్టి వదిలాను. అది అట్లాగే మడత పడి నిలబడింది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. లేచి నిలబడ్డాను. నాకు వచ్చింది వంటింటి అరబ్బీ. మాజిద్ తల్లితో ఉప్పు గురించీ బియ్యం గురించీ మాట్లాడుకునేది. దాంతోనే చెప్పాను.

"అది నేను రాసింది. ఆయనకు ఈ భాష చదవడం రాదు. నేను చదువుతాను."

నౌమాన్ తెలుగులో, పెదవులు కదిలీ కదలకుండా, "మాబూ, పోయి వ్యాన్ల కూసో," అన్నాడు. నేను పుస్తకం పట్టుకుని లాగాను. ఆయన వెంటనే వదల్లేదు. డాక్టర్ చూస్తోందని వదిలాడు. నిన్నటి పేజీ తీసి ముందు తెలుగులో ఒక్కో వాక్యం చదివి, తర్వాత దాన్ని అరబ్బీలో చెప్పాను. తెలుగు వదిలేయొచ్చు, కానీ చదవకపోతే అనుకున్నది చెప్పినట్టు ఉంటుంది. రీమ్. తిండి సగం వదిలింది. మలంలో నల్ల చార. కుడి ముంగాలు వేడి. పులుసు నీళ్లు ముట్టలేదు.

డాక్టర్ జైనాబ్ మోకాళ్ల మీద కూర్చుంది. నేను పెదవి ఎత్తాను, ఆమె చిగురు నొక్కింది. తెల్లబడిన చోటు తెల్లగానే ఉంది. ఆమె కుడి ముంగాలు పట్టి చూసి, తానే రీమ్ పట్టీలు విప్పింది. ఇది ఈ రోజు పరిగెత్తదు అని మాజిద్‌తో చెప్పింది. మాజిద్ ముఖం ఎర్రబడింది. ఆయన చూపు నా మీదికి కాదు, నౌమాన్ మీదికి వెళ్లింది. నాలుగేళ్లలో ఆ చూపు అట్లా వెళ్లడం నేను మొదటిసారి చూశాను.

నౌమాన్ మాజిద్ వైపు తిరిగాడు. ఈమె మాట పట్టించుకోకండి అన్నాడు. పోయినేడు లైస్‌కు నీళ్లు పెట్టడం మరిచి దాన్ని చంపింది ఈమే, మీకు తెలుసు కదా, ఆ భయంతో ఇప్పుడు ప్రతిదీ జబ్బుగా కనిపిస్తోంది అన్నాడు.

నాకు కోపం రాలేదు. ఎక్కడైనా కూర్చోవాలనిపించింది, అంత అలసట. మా అత్త గుర్తొచ్చింది, కాబా చూడకుండా నన్ను తిట్టుకుంటూ ఉండిపోయే ముసలావిడ. గది గుర్తొచ్చింది, ఈ రోజు అక్కడికి తిరిగి వెళ్లాక వినాల్సిన మాటలు గుర్తొచ్చాయి. వెళ్లకపోతే మాజిద్ తల్లి గది పక్కన ఒక మంచం ఖాళీగా ఉందన్నదీ గుర్తొచ్చింది.

"పోయినేటిది కూడా ఇందులోనే ఉంది," అన్నాను డాక్టర్‌తో. "తారీకుతో."

చదవమన్నట్టు ఆమె తలూపింది. నా వేళ్లకు రీమ్ ఎంగిలి ఇంకా తడిగా ఉంది. కడుక్కోలేదు. ఆ చేతులతోనే పేజీలు వెనక్కి తిప్పాను.