అవతలికి పోని గుండు

బోథ్ చుట్టుపక్కల చేలమీద పడే అడవి పందిని కొట్టాలంటే ముందు సర్పంచి సంతకం కావాలి, ఆ తర్వాత బీట్ ఆఫీసరుకు కబురు వెళ్లాలి, ఆ తర్వాత ఏలియా రావాలి. మిలిటరీలో పదిహేడేళ్లు, ఊళ్లో పదమూడేళ్లు తుపాకి పట్టిన చెయ్యి ఆయనది. ఫారెస్టు వాళ్ల జాబితాలో పేరున్న షూటరు. ఒక్క గుండు కూడా వృథా పోనివ్వడని ఊరంతా చెప్పుకునేది. ఆ మాట ఊరు మరిచిపోయిన రోజున ఆయనే గుర్తు చేసేవాడు.

ఆయనకు రెండు తుపాకులు. ఒకటి తండ్రి నాటి బర్మార్, మూతిలోంచి మందు కూరి గుండు దింపేది. దానికి కావలసిన గుండ్లను పెరట్లో సీసం కరిగించి, అచ్చులో తానే పోసుకుంటాడు. రెండోది కూతురు బ్లెస్సీ పోరు పడలేక లైసెన్సు తీసుకున్న రైఫిలు. దాని గుండుకు పైన రాగి తొడుగు, ముక్కు దగ్గర చిన్న గుంత. బ్లెస్సీ కరీంనగర్‌లో రైఫిల్ క్లబ్బు పిల్లలకు గురి నేర్పుతుంది. సెలవులకు ఇంటికొస్తే తండ్రీకూతుళ్లకు అన్నం దగ్గర ఇదే పంచాయితీ.

"పంది బుజం మీద ఉండేది తోలు గాదు బిడ్డా, తలుపు చెక్క. సీసం గుండైతే ఇవతల దూరి అవతల తేల్తది. నీ గుంత గుండు పైపైన పగిలి ఊకుంటది. గాయమైన పంది మీదికొస్తే నీ క్లబ్బోళ్లు అడ్డమొస్తరా?"

"అవతల తేలుడే గద బాపు నా ఫికర్. అవతల ఎవలున్నరో నీకేమెర్క?"

"ఎవలుంటరే, మక్కచేను గాక!"

మాటలతో లాభం లేదని బ్లెస్సీ ఒకసారి ఆయన్ను క్లబ్బుకే తీసుకెళ్లింది. తడిపిన పాత పేపర్ల కట్టలు నాలుగు వరసగా నిలబెట్టింది. సీసం గుండు నాలుగింటినీ తొలుచుకుని వెనకున్న మట్టికట్టలో పడింది. గుంత గుండు మూడో కట్టలోనే ఆగిపోయింది. తీసి చూస్తే పగిలిన పత్తికాయలా నాలుగు వైపులా విచ్చుకుని ఉంది. ఏలియా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పేపరుకు కోరలుండయి" అని కూతురి చేతిలో పెట్టేశాడు.

చివరికి బ్లెస్సీ బేరం పెట్టింది. "ఒక్క పంది బాపు, నా కోసం. గీ గుండు పని జెయ్యకుంటే రైఫిలు పెట్టెల వెడ్త, మల్ల అడగ. గని మంచె ఎక్కి కూసోవాలె. పంది పక్కకు తిరిగేదాక ఆగాలె. గంతే."

ఏలియా సరేనన్నాడు. కూతురి మీద ప్రేమతో కాదు, ఈ గొడవ ఒక్క దెబ్బతో తేలిపోతుందని. గుంత గుండు ఓడిపోవడం ఖాయమనుకుని, మర్నాటికి పనికొస్తుందని బర్మార్‌ను నూనె పెట్టి తుడిచి గోడకు తగిలించాడు కూడా.

ఆ పంది లచ్చవ్వ చేలో దొరికింది. లచ్చవ్వది ఏలియా వాళ్ల చర్చే. మొగుడు పోయాక మూడెకరాల మక్కజొన్న ఒక్కతే చేసుకుంటోంది. కంకి పాలు పట్టినప్పటి నుంచి పందులు పడి అరెకరం పడుకోబెట్టేశాయి. ఇంకో వారం పోతే కోసుకోవడానికి చొప్ప తప్ప ఏమీ మిగలదని సర్పంచి ముందు ఏడ్చింది.

మధ్యాహ్నం దాటాక ఏలియా వచ్చి చేను చుట్టూ తిరిగి చూశాడు. "చెల్లె, నేను ఈలేసేదాక చేన్ల ఎవలూ అడుగు వెట్టద్దు" అన్నాడు. లచ్చవ్వ తలూపింది. అయితే ఆమె ఇంటికొచ్చిన మనిషి ఛాయ్ తాగకుండా వెళ్లింది ఇంతవరకూ లేదు. ఆ సంగతి ఏలియాకు అప్పుడు తట్టలేదు.

మంచె దగ్గరికి వెళ్లి నిచ్చెన రెండు మెట్లు ఎక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. పైనుంచి కాలిస్తే గుండు నేలలోకి దిగుతుంది, గట్టు మీంచి కాలిస్తే తిన్నగా చేలోకి పోతుంది. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు, పదిమందికి చెప్పినవాడే. అయినా 'బ్లెస్సీ వచ్చి చూస్తుందా ఏమిటి' అనుకుని దిగి, గట్టు మీద తుమ్మచెట్టు చాటున కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా చొప్ప కదిలింది. నడుమెత్తు మగపంది, మట్టి కొట్టుకుని, మూతి ఆయన వైపే పెట్టి నిలబడింది. చేతిలో బర్మార్ ఉంటే అప్పుడే కాల్చేవాడు, సీసం గుండు రొమ్ములో దూరి తోక దగ్గర తేలేది. వేలికి జిల పుట్టింది. కానీ మంచె మాట ఎలాగూ తప్పాడు, రెండో మాటైనా నిలబెట్టుకుందామని ఊపిరి బిగబట్టాడు. పంది ఒక కంకి విరిచింది, నమిలింది, మెల్లగా పక్కకు తిరిగింది. కాల్చాడు.

పంది నాలుగడుగులు ఉరికి కూలబడింది. అదే క్షణంలో దాని వెనక మక్కలో స్టీలు గ్లాసు కింద పడి మోగింది.

"అన్నా! నేనే అన్నా, లచ్చవ్వను!"

కంకులు తోసుకుంటూ బయటికొచ్చింది, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని. "పొద్దటి సంది నువ్వు ఏం తినలేదాయె, మనసొప్పలే. ఛాయ్ తెచ్చిన. నువ్వు మంచె మీదున్నవనుకొని గిట్ల సుట్టు తిరిగొస్తున్న."

ఏలియా తను కూర్చున్న చోటు చూశాడు, పంది నిలబడిన చోటు చూశాడు, ఆమె వచ్చిన దారి చూశాడు. మూడూ గుంజి కట్టిన తాడులా ఒకే వరస. రైఫిలు పక్కన పెట్టి గట్టు మీదే కూర్చుండిపోయాడు. ఆయనకు ఇంత భయం మిలిటరీలో కూడా వేయలేదు.

కబురందుకుని బీట్ ఆఫీసరు వెంకటేశ్ పంచనామాకు వచ్చాడు. పందిని దొర్లించి చూశాడు. ఇవతల చిల్లు ఉంది, అవతల లేదు. అవతలి పక్క తోలు కింద గడ్డలా తగిలిన చోట కత్తి పెడితే, రాగి రేకలు విచ్చుకున్న గుండు బయటపడింది. "బయటికి రాలే, తోలు దగ్గర్నే ఆగింది" అన్నాడు. ఆ తర్వాత రూలు ప్రకారం గుంట తీయించి, కిరసనాయిలు పోయించి పూడ్పించాడు.

ఏలియా ఆ గుండు కడిగి లచ్చవ్వ ముందు పెట్టాడు. చెప్పకుండా వెళ్లిపోవచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. కానీ చెప్పాడు. "నేను కాల్చిన దిక్కే నువ్వున్నవ్ చెల్లె. మంచె ఎక్కకపోవుడు నాదే తప్పు. నా సీసం గుండైతే నీ దాక వచ్చేది."

లచ్చవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది. వేలితో ఒక రేకను తాకింది. కళ్లు తుడుచుకుంది.

"నువ్వు మంచె ఎక్కలే, నేను నీ ఈల దాక ఆగలే. చెరి సగం" అంది. "నా మక్క బతికింది, నేను బతికిన, ఇంకేం గావాలె? ఛాయ్ సల్లారుతది, తాగు."

తాగాడు. గ్లాసు తానే కడిగి ఆమె చేతికిచ్చాడు.

ఇల్లు చేరేసరికి బ్లెస్సీ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమాయె బాపు? పైపైన పగిలిందా?"

ఏలియా గుండు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. గట్టు సంగతి, గ్లాసు చప్పుడు, అన్నీ దాచకుండా చెప్పాడు. "సీసం చెడ్డది గాదు బిడ్డా. దానికి ఆగుడు తెల్వది. నాకూ తెల్వకపాయె."

నేను ముందే చెప్పాను కదా అని బ్లెస్సీ అంటుందని ఆయన తల వంచుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆమె అనలేదు. "లచ్చవ్వ అత్త మంచిగున్నదా?" అని మాత్రం అడిగింది. ఆ ఒక్క మాటకు ఏలియా కూతురికి ఎంత రుణపడ్డాడో ఆయనకే తెలుసు.

ఆదివారం చర్చిలో కృతజ్ఞత కానుకల కవర్లు వచ్చాయి. కవరు మీద ఎవరి కారణం వారు రాస్తారు, పాస్టరుగారు అందరికీ వినిపిస్తారు. ఒకరికి బోరులో నీళ్లు పడ్డాయి, ఒకరి మనవరాలికి నర్సింగులో సీటొచ్చింది. తర్వాతి కవరు తీసి పాస్టరుగారు ఆగారు, కళ్లద్దాలు సరిచేసుకుని మళ్లీ చూశారు.

"షూటరు ఏలియాగారు. కారణం... నా పంతం ఓడిపోయినందుకు."

మగవాళ్ల వైపు నవ్వులు లేచాయి. ఓడిపోయినందుకు కానుక వేసేవాణ్ని వాళ్లెప్పుడూ చూడలేదు. బ్లెస్సీ తల వంచుకుని కళ్లు ఒత్తుకుంది. ఆమె పక్కన కూర్చున్న లచ్చవ్వ నవ్వలేదు. లేచి నిలబడి, చర్చి మొత్తానికీ వినిపించేలా, "ఆమేన్" అంది.