మూడొందల కుండీల కోపం

తోటమాలి మెతక మనిషి. ఎంత మెతకంటే, ఎవరైనా తన కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే రకం. అలాంటివాడికి మందుల పరిశోధనశాలలో, గాజు కప్పున్న గదిలో మూడొందల కుండీలు అప్పగించారు. ఇంకేముంది, చంటిపిల్లల్ని సాకినట్టు సాకాడు. నీళ్లు చల్లగా ఉంటే వేళ్లు వణుకుతాయని గోరువెచ్చగా చేసి పోశాడు. ఎండ చురుక్కుమంటే తెర లాగాడు. పురుగు కనబడితే చంపబుద్ధి కాక, చిటికెన వేలి మీదికి ఎక్కించుకుని బయట గడ్డిలో దింపి వచ్చాడు. మొక్కలు నవనవలాడాయి.

అదే కొంప ముంచింది.

ఆ ఆకుల్లోంచి జలుబు వైరస్‌కి మందు తీయాలని డాక్టరమ్మ ఆరేళ్లుగా తంటాలు పడుతోంది. ఒకరోజు ఆవిడ ఆకు నమిలి, చిట్లించాల్సిన మొహాన్ని చిట్లించకుండా చప్పరించింది.

"ఏంటయ్యా ఇది, కమ్మగా ఉంది?"

"సంతోషం అమ్మా."

"సంతోషమేంటి నీ తలకాయ! వైరస్‌ని ఆపేది ఇందులో ఉన్న చేదే. మొక్కకి కష్టం వస్తేనే చేదు పుడుతుంది. పురుగు కొరకాలి, ఎండ కాల్చాలి, దాహం వెయ్యాలి. నువ్వేమో వీటిని పుట్టింట్లో కూర్చోబెట్టినట్టు పెంచావు!"

నెల తిరిగేసరికి పెద్దసారు తనిఖీకి వస్తారు. చేదు కొలిచే మీటర్లో ముల్లు సగం దాటకపోతే మొక్కలన్నీ పీకి కాల్చేసి, ఆ గదిలో పాత బీరువాలు పెట్టిస్తారట. ఆ మాట విన్న తోటమాలికి రెండు రోజులు ముద్ద దిగలేదు. ప్రతి మొక్కా అతని చేత్తో వేసిన విత్తనమే మరి.

పాపం, ప్రయత్నించాడు. నీళ్లు ఆపాడు. మధ్యాహ్నానికి తన గొంతే ఎండిపోయింది, రెండు రెట్లు పోశాడు. పురుగుల్ని బతిమాలి వెనక్కి తెచ్చాడు. అవి అప్పటికే బయట కడుపునిండా తిని ఉన్నాయి.

"పోనీ తిట్టవయ్యా, కనీసం బెదురుతాయేమో," అంది డాక్టరమ్మ.

మొదటి కుండీ ముందు నిలబడి "ఒసేయ్..." అన్నాడు. వెంటనే "ఏమనుకోకమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మీ ఇంట్లో కాస్త నోరున్నవాళ్లెవరూ లేరా?"

"మా అక్క ఉందమ్మా."

ఉందా అంటే ఉంది! ఆవిడ నోటికి జడిసి వీధి కుక్కలు కూడా చుట్టుదారిన పోతాయి. మర్నాడే చేతిసంచీతో వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని మొదలుపెట్టింది. "ఏం బతుకులే మీవి? తాగి కూర్చోడమేనా? ఒక్క చుక్క మందు పుట్టదేం?" వారం రోజులు ఏకధాటిగా తిట్టింది. దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉంది. ముల్లు కదిలితే ఒట్టు.

ఎనిమిదో రోజు అక్కకి విసుగొచ్చి తమ్ముడి మీద పడింది. "అసలు నిన్ననాలిరా సన్నాసీ! మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. నువ్వు మొక్కప్పుడూ వంగే ఉన్నావు, మానయ్యాకా వంగే ఉన్నావు! నీ పెళ్లిలో నీ కుర్చీలో ఎవడో కూర్చుంటే నిలబడి ఫొటో దిగావు కదరా!"

"ముల్లు!" అని కేక పెట్టింది డాక్టరమ్మ. ముల్లు కదిలింది. ఆవిడ పరుగున వచ్చి ఆకు నమిలి, థూ అని ఊసి, చప్పట్లు కొట్టింది. "వీటిని తిడితే చీమ కుట్టినట్టైనా లేదు. నిన్నంటే మాత్రం ఒళ్లు మండుతోందయ్యా వీటికి!"

తోటమాలి తెల్లబోయాడు. యాభై ఏళ్లుగా ఇంటా బయటా ఎందరో అన్నారు, అన్నీ పడ్డాడు. అతన్నెందుకంటారు అని ఒక్కరూ అడ్డురాలేదు. ఇప్పుడు మూడొందల మంది వచ్చారు. కళ్లు తుడుచుకోడానికి ఎరువు బస్తాల చాటుకి వెళ్లాడు.

ఆనాటినుంచి అక్క రోజూ పదింటికి వచ్చి ఐదింటిదాకా తమ్ముణ్ణి తిట్టేది. ముల్లు రోజుకింత పాకి, సరిగ్గా సగానికి కాస్త ఇవతల ఆగిపోయింది. ఎంత తిట్టినా పన్నెండింటికి అన్నం తినిపించేది ఆవిడే కదా, మొక్కలు అది చూస్తూనే ఉన్నాయి.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఏ వైరస్ మీద ఇంత యుద్ధమో, ఆ వైరసే అక్కని పట్టుకుంది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. తిట్టలేక, దిగులుతో తమ్ముడి వీపు నిమిరింది. ముల్లు సున్నాకి పడిపోయింది.

సరిగ్గా అప్పుడే పెద్దసారు లోపలికొచ్చాడు. మీటరు చూశాడు.

"వీటిని పెంచేదెవరు?"

"నేనేనండి."

"ఇంత పనికిమాలిన మనిషిని నేనెక్కడా చూళ్లేదు. నిన్ను తీసేశాను. ఆ కత్తెర అక్కడ పెట్టి పో."

తోటమాలి కత్తెర తుడిచి బల్ల మీద పెట్టాడు. కారుతున్న కుళాయి బిగించాడు. మొదటి కుండీ ఆకు మీద చెయ్యి వేసి "ఉంటానమ్మా" అని, తలుపు వైపు నడిచాడు.

అతను గడప దాటేలోపే గదంతా చేదు కమ్మేసింది. ఆకు నమలని పెద్దసారు కూడా ఉమ్మేయాల్సి వచ్చింది. ముల్లు సగం దాటి, చివరికంటా వెళ్లి, అక్కడ అంచుకి కొట్టుకుని వంగిపోయింది. డాక్టరమ్మ ఆ ఆకు రసం ఒక్క చుక్క పరీక్ష పళ్లెంలో వేసి చూస్తే, ఒక్క వైరసూ మిగల్లేదు.

పెద్దసారు గడ్డం గోక్కున్నాడు. "ఇతన్ని తీసేస్తేనే మందు పుడుతుందన్నమాట."

"తీసేస్తే మొక్కలు బతకవు సార్," అంది డాక్టరమ్మ.

ఆఫీసన్నాక దేనికైనా ఒక కాగితం ఉంటుంది. ఉత్తర్వు వచ్చింది: తోటమాలిని రోజూ ఉదయం తొమ్మిదిన్నరకి ఉద్యోగంలోంచి తీసేయాలి, సాయంత్రం ఐదింటికి మళ్లీ చేర్చుకోవాలి. చేర్చుకున్న సంగతి మొక్కలకి తెలియనివ్వరాదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే అతను తొలగింపు కాగితం కుండీల మధ్య నిలబడి పైకి చదువుతాడు. నాలుగేళ్లవుతోంది. ఆ పిచ్చివి ప్రతిరోజూ నమ్ముతాయి, ప్రతిరోజూ విషంలా చేదెక్కుతాయి. ఆకు కోస్తారు, మందు తీస్తారు.

ఐదయ్యాక రెండో కాగితం ఇస్తారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఆజ్ఞా దాటని మనిషి, ఈ ఒక్కటి మాత్రం దాటుతాడు. తలుపు దగ్గర అక్కని కాపలా పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క కుండీకీ చెవిలో చెప్పినట్టు చెబుతాడు.

"మళ్లీ పెట్టుకున్నారమ్మా నన్ను. బెంగపడకు."

"ఇంకా రెండొందలున్నాయిరా సన్నాసీ, కానీ," అంటుంది అక్క, గొంతు తగ్గించి, మొక్కలకి వినబడకుండా.