కొత్వాల్ ఎదురొచ్చిన శుక్రవారం

మొన్న గాజులామె నా చేతులు చూసి, జర దగ్గరికి జరిగి మెల్లగ అడిగింది, "ఏందమ్మా, మీ ఆయన కొడ్తడా?" అని. మా ఆయన రాఘవేందర్‌కు ఈగను కొట్టుడు సుత చాతగాదు. ఎర్రమంజిల్‌ల సర్కారు ఆఫీసుల పనిచేస్తడు, ఇంటికొచ్చి చాయ్ తాగుకుంట పేపర్ సదువుతడు, అంతే. నా చేతుల మీది గీతలన్ని పిల్లులవి. మోచేతి దాకా గీరినయి, బొటనవేలు కాడ పండ్లు దిగినయి. "మా పిల్లులు కరిసినయి" అని చెప్తే ఆమె నమ్మలే. పాపం అన్నట్టు చూసి, రెండు గాజులు ఎక్కువేసి పోయింది.

మాది అమీర్‌పేట్‌ల లేడీస్ హాస్టల్, మైత్రీవనం ఎనక గల్లీల. కింద మేముంటం, మీద ఆడపిల్లలుంటరు. రాజమండ్రి, ఏలూరు, కరీంనగర్, ఖమ్మం, యాడయాడికెల్లో వచ్చి జావా అంటరు, పైతాన్ అంటరు, నౌకరి దొరికిందాంక నా చేతి కూడు తింటరు. అందరు నన్ను నాగేశ్వరి ఆంటీ అంటరు. నేను తిట్టినప్పుడు ఇంకేమన్న అంటరో ఏమో, నాకు వినవడదు.

పిల్లులను తెచ్చింది సుమశ్రీ. తాడేపల్లిగూడెం పొల్ల. ఏదో సెల్లార్‌ల వానకు తడుస్తున్నయని, లాప్‌టాప్‌ను చున్నీల చుట్టి చేతిల పట్టుకొని, బ్యాగుల పిల్లికూనలను పెట్టుకొని వచ్చింది. గసొంటి తెలివి ఆమెది. "రెండు రోజులే ఆంటీ" అన్నది. నేను నోటికొచ్చినట్టు తిట్టిన. గా రెండు రోజులు ఇంక అయిపోలే.

మొగదానికి కొత్వాల్ అని పేరు పెట్టినం. ఎందుకంటే కింది మెట్టు మీద కూసోని వచ్చేటోళ్లను, పోయేటోళ్లను తనిఖీ చేస్తడు. నచ్చకపోతే మడిమె పట్టుకుంటడు. నచ్చినా పట్టుకుంటడు. ఆడదాని పేరు మున్ని. చూస్తే పాపం నోట్ల ఏలు పెడితే కొరకనట్టే ఉంటది. ఒళ్లె పండుకొని గుర్రుగుర్రుమంటది, నువ్వు మురిసిపోయి తల నిమురుతవు, సరిగ్గ గప్పుడే కసుక్కున కొరుకుతది. ఛార్జర్ వైర్లు కొరుకుడు, దండెం మీది సాక్సులు గుంజుడు, దుప్పట్ల కాలివేళ్లు కదిలితే ఎగిరి పడుడు, ఇవన్ని రోజుటి పనులు. ఒకసారి మున్ని ఒక పిల్ల లాప్‌టాప్ మీద పండుకొని కంపెనీకి ఖాళీ మెయిల్ పంపింది. గా కంపెనోళ్లు దానికి జవాబిచ్చిన్రు. ఆ పిల్ల రెజ్యూమే పంపితే మాత్రం ఇయ్యలే.

పిల్లలు తిడ్తరు, నేను తిడ్త. తిట్టుకుంటనే కోడిగుడ్డు ఉడకేసి పెడ్త.

అసలు తిప్పలు వేరే ఉండె. పిల్లి ఎదురొస్తే పోయిన పని కాదని మనకు పుట్టినప్పటి సంది నూరిపోసిన్రు. వేరే ఇండ్లల్ల ముఖ్యమైన పని మీద బయటికి పోయేది ఎప్పుడో ఒకపాలి. నా హాస్టల్‌ల రోజు ఎవరో ఒకరు ఇంటర్వ్యూకు పోతనే ఉంటరు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నం. పోయే పిల్ల మీది మెట్ల కాడ నిలవడి "ఆంటీ, ఇంటర్వ్యూ" అని కేకేస్తది. నేను గంటె కింద పడేసి, కొత్వాల్‌ను ఒక చంకల, మున్నిని ఒక చంకల ఇరికించుకొని, వంటింట్లకు ఉరికి తలుపేసుకుంట. గేటు సప్పుడు అయ్యిందాంక రెండు కలిసి నన్ను కొరుకుతయి. కంప్యూటర్‌కే తెలివి నేర్పుతమనే పిల్లలు పిల్లికి భయపడ్తరు. నేను నవ్వుత గని పట్టుకోకుండ ఉండ. ఒక పిల్లకు నౌకరి రాకపోతే, నా పిల్లుల వల్లనేనేమో అని నా మనసుకు అనిపియ్యొద్దు గద.

పోయినేడు నౌకర్ల మార్కెట్ మస్తు పడిపోయింది. కొత్తోళ్లను ఎవరు తీసుకుంటలేరు. పోయిన పిల్ల పోయినట్టే తిరిగొస్తుండె. గసొంటప్పుడు రవళి ఒక కంపెనీల ఆఖరి రౌండు దాకా పోయింది. రవళిది రాజమండ్రి. మాట పదును, మనసు మంచిది. ఆ పొద్దుగాల ఆమె కేకేసింది, నేను రెండింటిని పట్టుకున్న. గని మున్ని నా చంకలకెల్లి జారి, సక్కగ రవళి కాళ్ల ముంగటికెల్లి ఉరికింది. నౌకరి రాలే.

పొద్దుమూకంగ రవళి అందరిని ఎంటేసుకొని కిందికొచ్చింది. "ఆంటీ, మీరంటే మాకు గౌరవం. కానీ ఈ ఇంట్లో అవైనా ఉండాలి, మేమైనా ఉండాలి," అన్నది.

నాకు మండింది. "ఏందే, పిల్లి ఇంటర్వ్యూల కూసోని మార్కులేసిందా?" అన్న.

"ఏమో ఆంటీ. మరి మీరెందుకు పట్టుకుని లోపలికి పరిగెడతారు?"

మా ఆయన పేపర్ మడిచి, ఎర్రమంజిల్ క్వార్టర్స్‌ల తన దోస్తు ఒకడున్నడు, ఎలుకల బాధ ఉన్నది, ఆదివారం వచ్చి తీసుకపోతడు అన్నడు. పారిపోకుండ కొన్ని రోజులు తాడేసి కట్టేస్తడట. పిల్లిని కట్టేసుడేంది? నాకు అన్నం సయించలే. ఉన్నమాట చెప్తున్న, ఆ రెండు లేకుంటే నాకు ఇల్లు ఇల్లు గాదు. ఎంత పెట్టినా ఏం జేసినా ఆడపిల్లలు ఎల్లిపోయేటోళ్లే. ఎల్లిపోనియి ఇవి రెండే.

సుమశ్రీ తల వంచుకొని మీదికి పోయింది. అందరికన్న ఎక్కువ ఇంటర్వ్యూలకు పోయింది, అందరికన్న ఎక్కువ ఉత్త చేతులతోని తిరిగొచ్చింది ఆ పిల్లనే. శుక్రవారం ఆమెకు మల్ల ఇంటర్వ్యూ ఉండె.

శుక్రవారం పొద్దుగాల కేకేసింది. మున్నిని పట్టుకున్న గని కొత్వాల్ దొరకలే. చెప్పుల స్టాండ్ మీదికెల్లి దునికి, గడప కాడ అడ్డంగ నిలవడి, ఆమె మడిమె పట్టుకున్నడు. ఎదురొచ్చుడే గాదు, కరిసి మరీ పంపిండు. రవళి తల పట్టుకున్నది. లోపలికొచ్చి కాళ్లు కడుక్కొని, నీళ్లు తాగి, జరసేపు కూసోని పొమ్మని అందరు చెప్పిన్రు. సుమశ్రీ వంగి వాణ్ణి మెల్లగ ఇడిపించుకున్నది. తల మీద ఒక ముద్దు పెట్టి, ఎనకకు సూడకుండ పోయింది.

సాయంత్రం బాదుషాల డబ్బా పట్టుకొని వచ్చింది. "వచ్చిందాంటీ. హైటెక్ సిటీలో ఆఫీసు. కొత్వాల్ ఎదురొచ్చాడుగా, అందుకే వచ్చింది," అన్నది, మీది దాకా వినవడేటట్టు.

ఇగ చూడాలె మా ఇల్లు. మా ఆయనతోని అప్పటికప్పుడే దోస్తుకు ఫోన్ చేపిచ్చి, పిల్లులు లెవ్వు, ఏం లెవ్వు అని చెప్పిచ్చిన. పిల్లలేమో రాత్రికి రాత్రి మారిపోయిన్రు. ఇప్పుడు ఇంటర్వ్యూకు పోయే పిల్లకు పిల్లి ఎదురు రావాలె. ఎండుచాపలు తెచ్చేటోళ్లు తెచ్చిన్రు, గుడ్డు ముక్కలు గడప కాడ పెట్టేటోళ్లు పెట్టిన్రు. రమ్మంటే పిల్లి వస్తదా? ఎదురు రావద్దన్నన్ని రోజులు ఉరికురికి వచ్చినయి, రమ్మంటే ఫ్రిజ్ మీదికెల్లి దిగుతలెవ్వు. నేనే ఎనకకెల్లి నూకాలె. అప్పుడు పట్టుకున్నందుకు కరిసినయి, ఇప్పుడు నూకినందుకు కరుస్తున్నయి.

సుమశ్రీ రోజు పొద్దుగాల టిఫిన్ డబ్బా పట్టుకొని పోతుండె, పొద్దుమూకి వస్తుండె. కొత్త నౌకరి గద, ఎండల తిరిగినట్టు నల్లగైంది ఏందబ్బా అనుకున్న. మెట్రోల ఎండేం తగులుతది?

ఒకరోజు కొత్వాల్‌కు సూది మందు ఇప్పియ్యాలె. పంజాగుట్టల ఒక పిల్లుల డాక్టర్ ఉన్నడు. మూతున్న ప్లాస్టిక్ బుట్టల వాణ్ణి పెట్టి, మీద చున్నీ కట్టి, ఆటోల పోయిన. ఆటోవాడు తొవ్వంత అద్దంల నన్నే చూసిండు, ఎందుకంటే బుట్టలకెల్లి వాడు తిట్టినట్టే అరుస్తుండు. పంజాగుట్ట మెట్రో మెట్ల కాడ దిగి నడుస్తున్న. అక్కడ ఒక పొల్ల మొకానికి చున్నీ చుట్టుకొని, కండ్లు మాత్రం కనపడేటట్టు, కోచింగ్ సెంటర్ పాంప్లెట్లు పంచుతుండె. ఎండకు తలెత్తుతలేదు. వచ్చేటోళ్ల చేతులు మాత్రం చూస్తున్నది, కాయితం పెడుతున్నది. నాకు సుత పెట్టెతందుకు చెయ్యి చాపింది.

బుట్ట సందులకెల్లి పంజా బయటికొచ్చింది. ఆమె మణికట్టు పట్టుకొని గుంజిండు, మూతి ఆనిచ్చి కరిసిండు.

"వదలరా కొత్వాలూ, మా నాన్నవి కదూ, వదులు," అన్నది ఆ పొల్ల, అలవాటు మాట లెక్క.

అన్నంక తలెత్తి నన్ను చూసింది. నేను ఆమెను చూసిన. సుమశ్రీ చేతిల పాంప్లెట్లు కింద పడ్డయి.

ఒక చాయ్ బండి కాడ కూసోబెట్టిన. బుట్ట మా ఇద్దరి నడుమ పెట్టిన. "ఎప్పటి సంది?" అని అడిగిన.

"మొదటి రోజు నుంచే ఆంటీ. ఆ శుక్రవారం మొదటి రౌండ్‌లోనే పంపించేశారు. బస్టాప్‌లో కూర్చున్నాను. ఆదివారం వీళ్లని తీసుకెళ్లిపోతారు కదా అనుకున్నాను. లేచి వెళ్లి స్వీట్లు కొన్నాను. అమీర్‌పేటలో పాంప్లెట్లు పంచితే మనవాళ్లు చూస్తారని ఇక్కడికొచ్చాను."

నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో తెల్వది. "రెండు పిల్లుల కోసం గింత అబద్ధమా, పిచ్చిపొల్లా? ఇంట్ల సుత ఇదే చెప్పినవా?"

"లేదాంటీ, నాన్నకి నిజమే తెలుసు. అబద్ధం హాస్టల్లోనే చెప్పాను." చున్నీ కొంగుతోని మొకం తుడుచుకున్నది. "ఫోన్ చేస్తే వచ్చిందా అంటారు. ఇన్‌స్టిట్యూట్‌లో వచ్చిందా అంటారు. మెట్లెక్కుతుంటే రవళి అడుగుతుంది, అన్నం పెడుతూ మీరడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, నాకు తెలుసు. కానీ వీళ్లిద్దరే ఏమీ అడగరాంటీ. గుమ్మంలో కాలు పెట్టగానే కొరుకుతారు. ఆ ఒక్క నిమిషం నాకు ఉద్యోగం సంగతి గుర్తుండదు. వీళ్లు కూడా పోతే ఆ ఇంట్లోకి ఎలా రావాలో తెలియలేదు."

నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆమె చెయ్యి పట్టుకున్న. రక్తం కారుతుండె, నా చీర కొంగుతోనే అద్దిన. "ఎవరికి చెప్పకు. నేను చెప్ప," అన్న. చాయ్ తాగించి, కొత్వాల్‌కు సూది వేపిచ్చుకొని ఇంటికొచ్చిన.

గని ఆ అబద్ధం ఆ దినం దాటలే. అన్నాలప్పుడు రవళి నన్ను పిలిచింది. "ఆంటీ, రేపు నాకు వాకిన్ ఇంటర్వ్యూ ఉంది. పొద్దున్న కొత్వాల్‌కి ఏమీ పెట్టకండి. నేను గుమ్మం దగ్గర ఎండుచేప పెడతాను, ఆకలికైనా వస్తాడు. సుమకి వచ్చినట్టే నాకూ వస్తుంది. ఇదొక్కటే నమ్ముకున్నాను."

సుమశ్రీ నోటికాడి ముద్ద పల్లెంల పెట్టింది. నేను కండ్లతోని వద్దన్న. ఆమె నా దిక్కు చూడలే. "వాణ్ణి నమ్ముకోకు రవళీ. నాకు ఉద్యోగం రాలేదు. అబద్ధం చెప్పాను."

నేను గంటె పట్టుకొని నిలవడ్డ. పిల్లులను ఒక్క మాటంటే, పోండ్రి, అందరు పోండ్రి, హాస్టల్ మూసేస్త అని చెప్పెతందుకు తయారుగ ఉన్న. మూసేటిదాన్నే.

రవళి పల్లెం పక్కకు జరిపింది. "మరి రోజూ ఎక్కడికి వెళ్తున్నావే?" అన్నది.

"పంజాగుట్టలో పాంప్లెట్లు పంచుతున్నాను."

"ఈ ఎండలోనా?" అన్నది రవళి. నీళ్లు తాగి, "రేపు వాకిన్‌కి నువ్వూ రా. రెజ్యూమే కాపీలు నేను తీయిస్తాను," అన్నది. నా దిక్కు తిరిగి, "పిల్లుల్ని ఎక్కడికీ పంపకండాంటీ. ఎదురొచ్చినా ఉద్యోగం రావట్లేదు, ఎదురు రాకపోయినా రావట్లేదు. పాపం మధ్యలో వాటినెందుకనడం," అన్నది.

తెల్లారి ఎవరు కేకెయ్యలే. ఇద్దరు కలిసి దిగొచ్చిన్రు. కొత్వాల్ కింది మెట్టు మీద అడ్డంగ పండుకున్నడు, లేవలే. వాణ్ణి దాటి పోవాల్సి వచ్చింది. దాటుతుంటే రవళి చున్నీ పట్టి గుంజిండు, ఆమె వాణ్ణి రాజమండ్రి తిట్లు తిట్టింది. నేను గేటు దాకా పోయి నిలవడ్డ.

పొద్దంత నా మనసు మనసుల లేదు. కాలుగాలిన పిల్లి లెక్క ఇల్లంత తిరిగిన.

సాయంత్రం వచ్చిన్రు. రవళి గేటు కాడనే, నన్ను రెండో రౌండుకు పిలిచారాంటీ అని చెప్పి మీదికి ఉరికింది. సుమశ్రీ చెప్పులు ఇడిసింది. కొత్వాల్ ఒక మడిమె, మున్ని ఒక మడిమె పట్టుకున్నయి. ఆమె కిందనే కూసోని, వాటితోని కొట్లాడుకుంట కొట్లాడుకుంట ఇడిపించుకున్నది. నవ్వింది సుత.

అడగాలని నా నాలుక గుంజుతున్నది. పండ్ల నడుమ పట్టి ఆపిన. పల్లెం పెట్టిన, అన్నం పెట్టిన, చారు పోసిన, పక్కకు కూసోని ఉల్లిగడ్డలు కోసుకుంటున్న. ఒక్క మాట అనలే. సగం తిన్నంక ఆమెనే తలెత్తింది.

"ఇవాళ కూడా రాలేదాంటీ," అన్నది. "ఇంకొంచెం చారు పోయండి."

నిండుగ పోసిన.