పేరొకరిది, గిన్నె ఒకరిది

నేను ఒక స్టీలు గిన్నెను. రెండు చెవులు, ఒక మూత, పొట్ట మీద చుక్కచుక్కలుగా చెక్కిన పేరు: డి. శేషారత్నం. మనుషులు పిల్లల మీద పేర్లు రాయరు గానీ గిన్నెల మీద మాత్రం చెక్కించి తీరుతారు.

నెల్లూరు అంగట్లో పుట్టి, ఒక పెళ్ళి చదివింపుల్లో పడి, బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో డ్రైవరుగారి ఇల్లు చేరాను. పక్కింట్లో ఇందుమతి. ఆమె బాలింతగా ఉన్నప్పుడు పుట్టింటివాళ్ళు సమయానికి రాలేకపోయారు. డ్రైవరుగారి భార్యే రోజూ నా నిండా మిరియాల చారు పోసి తీసుకెళ్ళేది. ఇద్దరూ ఒకరినొకరు 'వదినా' అనుకునేవాళ్ళు. వీధికి డ్రైవరుగారి భార్య బుజ్జివాళ్ళమ్మ, ఇందుమతి చిట్టివాళ్ళమ్మ. అసలు పేర్లతో ఎవరికీ పనిపడలేదు.

చివరిసారి నేను చారుతో వెళ్ళినప్పుడు ఇందుమతి నన్ను తోమి తన దగ్గరే ఉంచుకుంది. ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదు కదా! ఏదైనా మంచిది చేసి నింపి ఇద్దామనుకుంది. నేడు, రేపు అంటూ పుట్టింటికి వెళ్ళొచ్చేసరికి డ్రైవరుగారికి బదిలీ అయి, పక్కింటికి తాళం పడింది. "ఆమె చారు తాగి లేచి తిరిగాను, ఒక్క సున్నుండైనా పెట్టివ్వలేకపోయాను" అని ముప్పై ఏళ్ళు నన్ను తోమినప్పుడల్లా బాధపడింది.

ఇందుమతి ఇప్పుడు ఉండేది నెల్లూరులో. ఈమధ్య కొత్త ఫోను చేతికి రాగానే ఆ వదిన కోసమే వెతికింది. నా పొట్ట చూసుకుంటూ పేరు కొట్టింది. ఫేస్‌బుక్కులో శేషారత్నాలు కుప్పలు. సగంమంది ముఖాలకు బదులు గులాబీలు. చివరికి నెట్టులోని టెలిఫోన్ డైరెక్టరీలో కావలి ఊళ్ళో ఒక డి. శేషారత్నం దొరికింది.

"వదినా! నేను, బిట్రగుంట చిట్టివాళ్ళమ్మను! నీ గిన్నె నా దగ్గరే ఉండాది!"

"గిన్నేందమ్మా? నేను బిట్రగుంటలో కాపురమే చెయ్యలా."

"మరి దాని మీద నీ పేరుంది గదా!"

అవతల పెద్ద నవ్వు. "పిచ్చిదానా, చదివింపుల గిన్నె మీద ఇచ్చినోళ్ళ పేరుంటాది గానీ, పుచ్చుకున్నోళ్ళది ఉంటాదా?"

ఇన్నేళ్ళూ నేను చెప్పాలనుకున్నదదే. ఏం లాభం, మూతి ఉంది గానీ మాట లేదు.

ఇందుమతి నా పొట్ట మీది పేరును మళ్ళీ ఒకసారి తడిమింది. "రైలు డ్రైవరుగారి భార్య..." అంది మెల్లగా.

"ఓ, మా చిన్నాన్న కూతురు కనకవల్లా! గూడూరులో ఉండాది. నంబరు రాసుకో."

ఆదివారం నా నిండా సున్నుండలతో గూడూరు వెళ్ళాం. తలుపు తీసిన కనకవల్లి ముందు గుర్తుపట్టింది మనిషిని కాదు, నన్ను. తర్వాత ఇద్దరూ వాటేసుకుని ఏడ్చారు, నవ్వారు. మధ్యలో నేను నలిగాను.

"నేనూ ఎంత వెతికాననుకున్నావ్?" అంది కనకవల్లి. "చిట్టివాళ్ళమ్మ అని కొడితే జంతికలు చెయ్యడం చూపించింది ఆ ఫోను. ఇంతకీ నీ పేరేంది వదినా?"

సాయంత్రం కనకవల్లి నన్ను కడిగి తుడిచింది. హమ్మయ్య, ఇల్లు చేరానని వంటింటి గిన్నెల అర వైపు చూశాను. ఆమె మాత్రం నా నిండా మిరియాల చారు పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి ఇందుమతి చేతిలో పెట్టింది.

"ఖాళీ గిన్నె ఎట్టా పంపేది? ఈసారి ఆలస్యం చెయ్యబాక, ఇందుమతీ."

ఇప్పుడు నెల్లూరు రైల్లో ఇందుమతి ఒళ్ళో వెచ్చగా ఉన్నాను. వచ్చే ఆదివారానికి లడ్డూలా, బొబ్బట్లా అని ఆమె అప్పుడే ఆలోచనలో పడింది.