షోకేసులో జంటలు

బట్టలన్నీ సర్దేసినా అమ్మమ్మకి కూతురి బ్యాగు మూయబుద్ధి కాలేదు. మూస్తే వాళ్ళ ప్రయాణం ఖాయమైపోయినట్టే. దగ్గుమందు సీసా మూత బిగించింది. నమ్మకం చాలక దానికో పాత సాక్సు తొడిగింది.

"ఇల్లంతా అందులోనే కుక్కేస్తావా అమ్మా?" అంది కూతురు గుమ్మంలోంచి.

పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూతురు అల్లుణ్ణీ, ఆరేళ్ళ పిల్లనీ వెంటబెట్టుకుని రావడం ఇదే మొదటిసారి. అల్లుడు నల్లజాతి మనిషి. వాళ్ళ పెళ్ళికి అమ్మమ్మా తాతా వెళ్ళలేదు. తాతకి నడుంనొప్పి అని చెప్పి ఊరుకున్నారు. "ఈ వారం సవ్యంగా గడిస్తే ఇకమీదట సెలవులన్నీ ఇక్కడే," అని కూతురు వచ్చినరోజే చెప్పింది. ఆ మాటని అమ్మమ్మ కొంగున ముడేసుకుంది.

కింద తాత ఫొటో స్టూడియో. షోకేసులో ఉన్న పెళ్ళి ఫొటోల్లో సగం వేర్వేరు జాతుల జంటలవే. వారమంతా భోజనాల దగ్గర ఆయన ఒకటే పాట.

"ఈ రోజుల్లో ఇదో వింతా? వీధిలో ఒక్కడైనా తల తిప్పి చూస్తాడా? నా షోకేసు చూడవయ్యా, అన్ని రంగులూ ఉన్నాయి!"

అల్లుడు కష్టపడి వీళ్ళ భాష నేర్చుకున్నాడు. "చూశాను మావయ్యా. మా ఫొటో ఒక్కటే కనబడలేదు," అన్నాడు నవ్వుతూ.

"మీరు పంపింది మరీ చిన్నది. పెద్దది చేస్తే పాడైపోతుంది."

"నాన్న దగ్గర కారణాలకి కరువా!" అంది కూతురు.

నిన్న అందరినీ స్టూడియోలో కూర్చోబెట్టి ఫొటో తీశాడు. ఈ పొద్దున ఫ్రేము కట్టి తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టాడు.

"బ్యాగులో పెట్టు. ఇంటికెళ్ళి చూసుకుని మురిసిపోతారు."

ఆవిడ దాన్ని కిటికీ వెలుగులోకి తిప్పి చూసింది.

"పిల్ల రంగేదండీ?"

"కాస్త తెల్లగా తేల్చాను. పెళ్ళికూతుళ్ళ తల్లులు అడిగి మరీ చేయించుకుంటారు, నీకు తెలీదూ?"

"మరి అల్లుడికి చెయ్యలేదేం?"

"అతనికి చేస్తే బాగోదు. పిల్లంటే మన పిల్ల."

"మళ్ళీ అచ్చు వెయ్యండి. అసలు రంగుతో."

"ట్యాక్సీ వచ్చేస్తుంటేనా? ఎవరూ కనిపెట్టరులే. రాద్ధాంతం చెయ్యకు."

బీరువాలో దాచేయొచ్చు. కానీ ఏదని ఆయన అందరి ముందూ అడుగుతాడు, వెళ్ళేవేళ గొడవవుతుంది. వాళ్ళు ఇల్లు చేరాక చూసుకుంటే, కోపం వచ్చినా ఫోనులో బతిమాలుకోవచ్చు. అద్దం పగలకుండా ఫ్రేముని పిల్ల స్వెట్టరులో చుట్టి, బ్యాగు అడుగున పెట్టి మూసేసింది.

కింద హారను మోగింది. వీధితలుపు తీయగానే చలిగాలి కొట్టింది.

"అమ్మమ్మా, నా స్వెట్టరు?"

"ట్యాక్సీలో వెచ్చగా ఉంటుంది తల్లీ. ఇదిగో, నా శాలువా కప్పుకో."

"నీ శాలువా ఎందుకమ్మా, తీసిస్తే పోయేదానికి," అంటూ కూతురు బ్యాగు తెరిచి అడుగునుంచి స్వెట్టరు లాగింది. ఫ్రేము బయటపడింది. పిల్ల దాన్ని రెండు చేతులా అందుకుంది.

"ఇది అమ్మ. ఇది నాన్న. నాన్న ఒళ్ళో ఈ పాప ఎవరు అమ్మమ్మా?"

"దీపాల వెలుతురుకి ఒక్కోసారి అలా..." అని తాత నీళ్ళు నమిలాడు.

అల్లుడు ఫొటోని పిల్ల చేతిలోంచి మెల్లగా తీసుకుని బల్లమీద బోర్లించాడు. "షోకేసులో పెట్టుకోండి మావయ్యా. ఇది అక్కడికి పనికొస్తుంది."

కూతురు తల్లికేసి తిరిగింది. "పెట్టేముందు చూశావా?"

"అద్దం పగులుతుందేమోనని..." అంది అమ్మమ్మ.

 కూతురు పిల్లకి స్వెట్టరు తొడిగి, బొత్తాలు పెట్టి, చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోయింది.

ఆ తర్వాత కూతురు ఒక్కసారి వచ్చింది, తండ్రి పోయినప్పుడు, ఒంటరిగా. అల్లుడు రాలేదు. మనవరాలు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ పిల్ల వెళ్ళింది చలికాలం మొదట్లో, ఒక ఆదివారం పొద్దున.